మీకు బాగా నచ్చిన సినిమా కెమెరా ఏది? ఎందుకు నచ్చింది?

ఎంవీపీ_బోలెక్స్:

పేపర్లో సినిమా ప్రారంభోత్సవం వార్త ఎప్పుడు చూసినా ఒకటే వరస. ఫలానా మంత్రిగారు కెమెరా స్విచ్చాన్ చేశారు, ఫలానా నిర్మాత క్లాప్ కొట్టారు, ఫలానా దర్శకుడు తొలి షాట్‌కి గౌరవ దర్శకత్వం వహించారు. స్విచ్ వేసినాయన పేరుంటుంది, ఫొటో ఉంటుంది. ఆయన వేసింది ఏ కెమెరా స్విచ్చో మాత్రం ఒక్కడూ రాయడు. నాకు మొదటి నుంచీ ఇదో వెలితి. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ముందే ఒక షరతు. "బొమ్మ చాలా బాగా వస్తుంది" అనే జవాబు వద్దు. ఫిల్ము కెమెరాల విషయంలో బొమ్మ లెన్సు పని, నెగెటివ్ పని, ల్యాబ్ పని. రెండూ మంచి కండిషన్‌లో ఉన్న కెమెరాలైతే, ఒకే లెన్సు, ఒకే నెగెటివ్ పెట్టి తీసినప్పుడు తెర మీద తేడా చెప్పగలిగే మొనగాడు నాకింతవరకు తగల్లేదు. కెమెరా అంటే ఏమిటి? వెలుతురు చొరని పెట్టె. సెకనుకి 24 సార్లు ఫిల్ముని ఆపి, కాస్త వెలుగు చూపించి, మళ్లీ కిందికి లాగే యంత్రం. అంతే కదా. మరి ఒకటి చేతిలోకి తీసుకుంటే ప్రాణం లేచొస్తుంది, ఇంకోటి చూస్తే దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోవాలనిపిస్తుంది. ఎందుకని?

నా దగ్గరున్నది బోలెక్స్ హెచ్16 రెక్స్. 16 ఎంఎం వెడల్పు ఫిల్ముది. స్విట్జర్లాండ్ సరుకు. హెచ్16 అన్నది 1935లో మొదలైంది, లెన్సు గుండానే నేరుగా చూడగలిగే రెక్స్ రకం 1956లో వచ్చింది. బ్యాటరీ అక్కర్లేదు. పక్కనున్న పిడి తిప్పి స్ప్రింగు బిగించడమే. నిండా బిగిస్తే అర నిమిషం లోపు ఆడి ఆగిపోతుంది. వంద అడుగుల రీలు మొత్తం కలిపితే 24 ఫ్రేముల స్పీడులో రెండు నిమిషాల నలభై ఆరు సెకన్లు. ఫిల్ము ఎక్కించడం కూడా దాని పనే. కొసని లోపలున్న చిన్న కత్తెరతో కత్తిరించి సందులో పెట్టి మీట నొక్కితే, వంపులన్నీ తనే చుట్టుకుని అవతల బయటికొస్తుంది.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే బోట్లు తిరిగొస్తాయి, చేపల వేలం మొదలవుతుంది. దాన్ని తీయడానికి వెళ్లినప్పుడు నాకు ఈ కెమెరా మీద మోజు పుట్టింది. ఒక కుప్ప వేలం ముగిసేలోపే స్ప్రింగు అయిపోతుంది. కాబట్టి ఎక్కడ నొక్కాలో ముందే తేల్చుకోవాలి. వేలం పాడే ఆవిడ చెయ్యి లేచినప్పుడా, ధర కుదిరాక కొన్నావిడ గంప సర్దుకున్నప్పుడా? ఫోన్‌తో తీస్తే ఈ ప్రశ్నే పుట్టదు, వేలం మొత్తం తీసేసి ఇంటికొస్తాం, మళ్లీ చూడం. స్ప్రింగు చిన్నది కాబట్టే నేను ఆవిడ చేతిని అంతసేపు గమనించాను.

దీనికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. వ్యూఫైండర్‌కి వెలుగు పంపే పట్టకం ఇరవై, పాతిక శాతం వెలుతురు మింగేస్తుంది. ఆ లెక్క వేసుకోకుండా లైట్ మీటర్ చెప్పినట్టు అపర్చర్ పెడితే నెగెటివ్ పల్చబడుతుంది. పోనీలెండి, ఇష్టమైనవాళ్ల చాదస్తం మనకి చాదస్తంగా కనబడదు.

మీ సంగతి చెప్పండి. స్పెసిఫికేషన్ కాగితం వద్దు.

ఫోకస్_పుల్లర్_ఆర్కే:

ఆరి అలెక్సా. డిజిటల్ అని కొట్టిపారేయకండి, చివరిదాకా చదవండి.

2010లో వచ్చింది. అప్పటికే డిజిటల్ కెమెరాలు ఉన్నా, వాటిలో చాలా వాటి మెనూలు చూస్తే కంప్యూటర్ వాళ్లు తయారు చేశారని తెలిసిపోయేది. ఏ ఆప్షన్ ఎక్కడ దాక్కుందో వెతకడంతోనే సగం కాల్షీటు. అలెక్సాని ఫిల్ము కెమెరాలు చేసినవాళ్లే చేశారు. అసిస్టెంట్ నిలబడే వైపు చిన్న తెర, దాని చుట్టూ బటన్లు. ఫ్రేము రేటు, షట్టర్, ఐఎస్ఓ, కలర్ టెంపరేచర్ అన్నీ మొదటి పేజీలోనే. కొత్త కుర్రాడికి పది నిమిషాల్లో నేర్పేయొచ్చు.

నాకు ప్రాణం మాత్రం దాని వ్యూఫైండర్. రికార్డయ్యే ఫ్రేము గీతకి బయట కూడా కొంచెం కనబడుతుంది. పైనుంచి బూమ్ మైకు దిగుతుంటే ఫ్రేములోకి రాకముందే తెలుస్తుంది. పక్కనుంచి ఆర్టిస్టు నడిచొస్తుంటే ఆపరేటర్ చెయ్యి ముందే సిద్ధమవుతుంది. రికార్డయ్యేంతవరకే చూపించే కెమెరాతో పనిచేస్తే అంతా ఆఖరి క్షణంలో కంగారే.

ఇంకోటి, వైజాగ్‌లో పనిచేసేవాడిగా చెప్తున్నాను. మిట్టమధ్యాహ్నం రుషికొండలో తెల్ల చొక్కా హీరోని నిలబెట్టి వెనక నురగ పెడతారు డైరెక్టర్లు. మామూలు కెమెరాలో చొక్కా, నురగ రెండూ సున్నం కొట్టినట్టు ఒకటైపోతాయి. ఇందులో చొక్కా మడతలు మిగులుతాయి. ఇది బొమ్మ సంగతే, మీ షరతుకి విరుద్ధం, తెలుసు. డిజిటల్‌లో సెన్సర్ కెమెరాలోనే ఉంటుంది కాబట్టి నాకు మినహాయింపు ఇవ్వాలి.

లోడర్_పెదవాల్తేరు:

ఆరి 2సి. అదే ఆరి కంపెనీ పాత 35 ఎంఎం ఫిల్ము కెమెరా.

ఎనభైల మొదట్లో మద్రాసులో ఒక అవుట్‌డోర్ యూనిట్‌లో కెమెరా అటెండెంట్‌గా చేరాను. ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. కెమెరా అప్పట్లో కెమెరామేన్‌దీ కాదు, నిర్మాతదీ కాదు. అద్దెకిచ్చే యూనిట్‌ది. పెట్టెలతో పాటు అటెండెంటూ వెళ్లాలి, వాటితో పాటే తిరిగి రావాలి. బేటా, అంటే రోజు ఖర్చుల డబ్బు, నిర్మాత ఇస్తాడు, జీతం యూనిట్ ఇస్తుంది, తిట్లు మాత్రం ఇద్దరి దగ్గరా. తర్వాత ఫిల్ము ఎక్కించే లోడర్‌నయ్యాను, ఫోకస్ పట్టాను. ఇప్పుడు మా ఊళ్లోనే ఉంటున్నాను.

2సిలో గొప్ప ఏమిటంటే దాంట్లో ఏమీ లేదు. వంటింట్లో సన్నికల్లులా, దాని పని అది చేస్తుంది, చెడిపోవడానికి లోపల పెద్దగా ఏమీ ఉండదు. కింద నిలువుగా మోటారు, అదే చేతి పిడి. ముందు మూడు లెన్సులు పట్టే టరెట్. పైన మ్యాగజైన్, అంటే ఫిల్ము ఉండే డబ్బా. వెనక స్పీడు మీటరు. కోడంబాకంలో దాన్ని విప్పి బిగించగల మెకానిక్కులు ఉండేవారు, కాబట్టి విడిభాగం కోసం జర్మనీ వైపు చూస్తూ కూర్చునే అవసరం ఉండేది కాదు. మన దేశంలో అన్నేళ్లు అది ఏలిందంటే సగం కారణం ఇదే.

ఇంక దాని అద్దం. 2సిలో షట్టరే అద్దం. లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఏటవాలుగా తిరుగుతుంటుంది. తెరుచుకున్నప్పుడు వెలుగు ఫిల్ము మీద పడుతుంది. మూసుకున్నప్పుడు అదే వెలుగు అద్దానికి తగిలి కెమెరామేన్ కంటికి వస్తుంది. 1937లో లైప్‌జిగ్ ట్రేడ్ ఫెయిర్‌లో మొదటి ఆరిఫ్లెక్స్‌ని చూపించినప్పుడు దాని కొత్తదనం ఇదే. 2సి ఆ కుటుంబంలో 1964లో వచ్చిన మోడల్.

ఈ అద్దంలో ఒక తిరకాసుంది. కెమెరామేన్ చూసే ప్రతి క్షణం ఫిల్ము చూడని క్షణమే. ఫిల్ము మీద పడిన క్షణాలు ఆయన కంట పడవు. తుపాకి పేలే షాట్‌లో గొట్టం చివర మంట కనురెప్పపాటు కూడా ఉండదు. మా కెమెరామేన్ గారు ఐపీస్ నుంచి తలెత్తి "మంట బాగా కనబడింది" అన్నారంటే మేం ఇంకో టేక్‌కి సిద్ధమయ్యేవాళ్లం. ఆయనకి కనబడిందంటే ఫిల్ముకి దక్కలేదనే లెక్క. "ఏమీ కనబడలేదురా" అంటే ఓకే. ఇంత విడ్డూరమైన యంత్రాన్ని ప్రేమించకుండా ఎలా ఉంటాం చెప్పండి.

అదే దారిలో వెలుగు వెనక్కి కూడా వస్తుంది. షాట్ మధ్యలో కన్ను ఐపీస్ మీద నుంచి తీస్తే బయటి వెలుతురు అటు నుంచి లోపలికి దూరి ఫిల్ముని పొగపట్టిస్తుంది. అందుకే ఈగ వాలినా, చెమట కంట్లోకి కారినా కన్ను తీయకూడదు. ఆర్టిస్టు కళ్ల ముందే జారి పడ్డా కెమెరామేన్ తల కదలదు, చెయ్యి మాత్రం స్విచ్ మీదికి పోతుంది. బయటివాళ్లకి అది పొగరులా కనబడేది.

లోడింగ్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2సిలో ఫిల్ముని నడిపే పళ్ల చక్రం కెమెరాలో కాకుండా మ్యాగజైన్‌లోనే ఉంటుంది. అంటే కష్టమంతా లోడర్ చీకట్లో ముందే పడి ఉంచుతాడు. సెట్లో పాత మ్యాగజైన్ లాగి, కొత్తది దింపి, బయటికి వేలాడే ఫిల్ము వంపుని, అదే లూప్‌ని, లెన్సు వెనక వెలుగు పడే గేటులో కూర్చోబెట్టి తలుపు మూస్తే అయిపోయింది. ఆ లూప్ పొడవే అసలు విద్య. తక్కువైతే కెమెరా గరగరలాడుతుంది, ఎక్కువైతే ఫిల్ము లోపలి గోడకి రాసుకుంటుంది. ఫిల్ము అంచు రంధ్రాలు లెక్కపెట్టి చూసుకునేవాళ్లు కొత్తవాళ్లు. చెయ్యి తిరిగినవాడికి చూపుడువేలు చెబుతుంది.

చీకట్లో ఎమల్షన్, అంటే బొమ్మ పట్టే పూత, ఎటువైపుందో తెలియాలి కదా. డార్క్‌రూమ్‌లో అయితే ఫిల్ము కొస పెదవికి ఆనించేవాళ్లం. తడి తగిలి అంటుకున్న వైపు ఎమల్షన్. బీచ్‌లో ఛేంజింగ్ బ్యాగే గతి. రెండు చేతులూ మోచేతుల దాకా నల్ల సంచిలో, కళ్లు ఖాళీగా సముద్రం మీద. లోపల వేళ్లకి చెమట పట్టనివ్వకూడదు, పట్టిందంటే ఎమల్షన్ మీద వేలిముద్ర అలాగే డెవలప్ అవుతుంది. మే నెలలో యారాడలో చెమట పట్టకుండా ఎలా అని అడగకండి. తెల్లారగట్లే మ్యాగజైన్లన్నీ లోడ్ చేసి తడిగుడ్డ కప్పిన పెట్టెలో, నీడలో ఉంచేవాళ్లం. ఒక్కోదానికీ తెల్ల టేపు అతికించి స్టాకు పేరు, అడుగులు రాసేవాళ్లం.

400 అడుగుల మ్యాగజైన్ అంటే 35 ఎంఎంలో నాలుగు నిమిషాల ఇరవై ఆరు సెకన్లు. మిగిలిన ముక్కల్ని షార్ట్ ఎండ్స్ అంటారు. ఒక ప్రొడక్షన్ మేనేజర్ ఉండేవాడు, పాట తీస్తున్నాం నాయనా అంటే వంద అడుగుల ముక్కలు తెచ్చిచ్చాడు. నిమిషం పైన ఆరు సెకన్లు. చరణం సగంలో ఫిల్ము అయిపోవడం, డాన్స్ మాస్టారు చేతిలో ఉన్నది నేలకేసి కొట్టడం. ఆయన్ని మాత్రం నేను ఇష్టపడలేదు, కెమెరాని ఏమనను.

శబ్దం సంగతి అందరికీ తెలిసిందే. కటకటమని ఆగకుండా మోగుతుంది. సెట్లో రికార్డు చేసిన మాట డబ్బింగ్‌లో విని పలకడానికి తప్ప ఎందుకూ పనికి రాదు. మన సినిమాల్లో మాట తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పడం అంతగా అలవాటైపోయిందంటే ఈ మోతకీ అందులో వాటా ఉంది. అలాగని ఆ మోత వల్ల లాభం లేకపోలేదు. జూనియర్ ఆర్టిస్టులు వందమంది ఉన్న చోట స్టార్ట్ అని అరవక్కర్లేదు, కెమెరా మోగితే చాలు, అందరూ సర్దుకుంటారు.

స్పీడు మీటరు మీద ఒక కన్ను ఉంచడం అసిస్టెంట్ పని. మామూలు మోటారుకి స్పీడు చేత్తో తిప్పి పెట్టుకోవాలి. బ్యాటరీ నీరసించే కొద్దీ ముల్లు 24 నుంచి 22కి జారుతుంది, తెర మీద మనుషులు చురుగ్గా కదులుతారు. ఫైట్లకి కావాలనే అలా తగ్గించి తీసేవారు. పాటకి మాత్రం స్పీడు స్థిరంగా ఉండే మోటారు వేరే బిగించాలి, లేకపోతే పెదాలు పాటకి కలవవు.

భీమిలి అనగానే అందరూ "మరో చరిత్ర" అంటారు. 1978లో, చుట్టూ రంగుల సినిమాలు వస్తుంటే నలుపు తెలుపులో తీసిన సినిమా. ఛాయాగ్రహణం బి.ఎస్. లోకనాథ్ గారు. అందులో సముద్రాన్ని చూసి "ఏ కెమెరాతో తీశారో" అని అడిగేవాళ్లు నాకు తగులుతుంటారు. బోలెక్స్ తమ్ముడు చెప్పింది నిజం, అది కెమెరా ఘనత కాదు. ఏ పూట ఎండలో ఎటు తిరిగి నిలబడాలో తెలిసిన మనిషి ఘనత.

ఎంవీపీ_బోలెక్స్:

లోడర్ బాబాయ్ గారూ, ఇది చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. తుపాకి మంట సంగతి నాకు కొత్త.

రెండు ప్రశ్నలు. ఒకటి, మిచెల్ కెమెరా మీద మీరు చెయ్యి వేశారా? పాత స్టూడియో ఫొటోల్లో పెద్ద చెవుల్లాంటి మ్యాగజైన్‌తో కనబడేది. రెండు, తెలుగులో తొలి సినిమాస్కోప్ 1974లో "అల్లూరి సీతారామరాజు", మన చింతపల్లి వైపు అడవుల్లో తీశారు కదా. స్కోప్ అంటే కెమెరా మారుతుందా, లెన్సేనా?

పెరిస్కోపు:

నేవీలో సబ్‌మెరైన్ విభాగంలో చేసి రిటైరయ్యాను. నాకు ఓటు వేయమంటే క్రాస్నోగోర్స్క్-3కి వేస్తాను. కె-3 అంటారు. రష్యా వాళ్లది, 16 ఎంఎం, ఇదీ స్ప్రింగే.

ఎనభైల్లో ట్రైనింగ్‌కి రిగాలో ఉన్నప్పుడు కొన్నాను. అప్పుడది సోవియట్ యూనియన్, ఇప్పుడు లాత్వియా. మా బ్యాచ్‌లో అందరూ ఇంటికి ఇస్త్రీపెట్టెలు, బొమ్మలు, జెనిట్ కెమెరాలు కొంటుంటే నేను దీన్ని పట్టుకొచ్చాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ ఇస్త్రీపెట్టె గురించి అడుగుతుంది.

జెనిట్ తయారు చేసిన ఫ్యాక్టరీదే కె-3 కూడా. దీనికి లెన్సు బిగించే మౌంట్లు రెండు రకాలు వచ్చాయి, నాది ఎం42 మర రకం. అంటే జెనిట్ లెన్సులు దీనికి నేరుగా ఎక్కుతాయి. స్టిల్ కెమెరా 135 లెన్సు దీనికి బిగిస్తే 16 ఎంఎం ఫ్రేము చిన్నది కాబట్టి పెద్ద టెలిఫొటో అయిపోతుంది. లాసన్స్ బే ఒడ్డున కూర్చుని ఔటర్ హార్బర్‌లోకి వచ్చే ఓడని దగ్గరగా తీయొచ్చు. ట్రైపాడ్ మాత్రం రాయిలా ఉండాలి. దీనితో పాటు వచ్చే జూమ్ పేరు మెటియోర్, 17 నుంచి 69 ఎంఎం దాకా, ఎఫ్ 1.9. ఈ జూమ్ ఒక్కటే ఆ డబ్బుకి చేస్తుందని నా అభిప్రాయం. బోలెక్స్‌లోలా పట్టకం వెలుగు మింగే గొడవ లేదు, ఇందులోనూ తిరిగే అద్దమే. లోడర్ గారి తుపాకి సిద్ధాంతం దీనికీ వర్తిస్తుంది.

ఎందుకు ఇష్టమంటే, ఆర్కే బీచ్‌లో కుర్సురా లోపలికి వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు. 1969 నాటి సోవియట్ సబ్‌మెరైన్. ప్రతి వాల్వూ చేతికి నిండుగా ఉంటుంది, గ్లవ్స్ వేసుకుని చీకట్లో తిప్పినా పొరపడవు. బరువు తగ్గించాలన్న ఆలోచన వాళ్లకి వచ్చినట్టే ఉండదు. కె-3 కూడా అంతే. అందంగా ఉందని ఎవరూ అనరు. నేను దాన్ని రెండుసార్లు కింద పడేశాను, గచ్చు పెచ్చు లేచింది.

లోపం కూడా చెబుతాను. లోపల ఫిల్ముకి వంపు తిప్పడానికి రెండు రేకు ముక్కలుంటాయి. అవి ఫిల్ముని గీస్తాయి. చాలామంది వాటిని ఊడదీసి చేత్తోనే లూప్ వేసుకుంటారు. నాది ఊడదీయలేదు, ఈ మధ్య ఒక రీలు లోపలే ఇరుక్కుపోయింది. అలాగే మూసి పెట్టేశాను.

మన ఊళ్లో ఫిల్ము కెమెరాలున్నవాళ్లకి ఒక మాట. లెదర్ కేసులో పెట్టి బీరువాలో దాచొద్దు. తోలు తేమ పట్టి ఉంచుతుంది, లెన్సుకి ఫంగస్ పడుతుంది. కేసు అవతల పారేసి, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. గింజల రంగు మారితే వేయించి మళ్లీ వేయండి. వంటకి వాడే మూకుడు మాత్రం వాడకండి.

ఎం9000_పెళ్లిపందిరి:

అందరికీ నమస్కారం. మీరంతా ఫిల్ము వాళ్లు. నేను గాజువాకలో పెళ్లిళ్ల వీడియోలు తీసినవాణ్ని. నా కెమెరా పానాసోనిక్ ఎం-9000, వీహెచ్ఎస్. సినిమా కెమెరా కాదంటే ఈ చర్చ నుంచి వెళ్లిపోతాను.

మీరు వంద అడుగులు, నాలుగు నిమిషాలు అంటున్నారు. ముహూర్తం రాత్రి రెండున్నరకి. పంతులుగారు ఎప్పుడు "కానివ్వండి" అంటారో ఆయనకే తెలియదు. జీలకర్ర బెల్లం ఒక్కసారే పెడతారు, రీటేక్ లేదు. ఆ సమయానికి మ్యాగజైన్ మారుస్తున్నానంటే పెళ్లికూతురి మేనమామ నన్ను బతకనిస్తాడా? మూడు గంటల క్యాసెట్ పెట్టి భుజం మీద వేసుకున్నానంటే వడ్డన దాకా దింపే పని లేదు. భుజానికి సరిగ్గా కూర్చుంటుంది, చెంపకి ఆనుతుంది, ఒక చేత్తో జూమ్, రెండో చేత్తో జనాన్ని తోసుకోవడం.

బొమ్మ గురించి మాట్లాడొద్దన్నారు కాబట్టి నాకు చాలా వీలైంది.

లోడర్_పెదవాల్తేరు:

పెళ్లిపందిరి గారూ, ఎక్కడికీ వెళ్లకండి. రెండున్నర ముహూర్తానికి నేనూ 2సి పెట్టను.

తమ్ముడు అడిగిన మిచెల్ గురించి. స్టూడియోలో ఉన్నదాన్ని తుడిచాను, నూనె వేశాను, దాంతో షాట్ తీసే యోగం లేదు. నా ముందు తరం వాళ్ల కెమెరా అది. గౌరవం ఉంది, ఇష్టం లేదు. ఎందుకంటే అందులో అద్దం లేదు. లెన్సు గుండా చూడాలంటే కెమెరా పెట్టెనే పక్కకి జరపాలి. ఫ్రేము, ఫోకస్ చూసుకుని, మళ్లీ యథాస్థానానికి జరిపి, షాట్ నడుస్తుండగా పక్కన తగిలించిన వేరే ఫైండర్‌లోంచి చూడాలి. అంటే తీసేటప్పుడు లెన్సు చూసేది నువ్వు చూడవు. మోత బయటికి రాకుండా తొడుగు, అదే బ్లింపు, ఉన్న బీఎన్‌సీ రకం 1934లో వచ్చింది, దాన్ని కదపాలంటే మనుషులు కావాలి.

కానీ ఒక విషయంలో దాన్ని కొట్టేది లేదు. ఫిల్ము ఆగినప్పుడు దాని అంచు రంధ్రాల్లోకి పిన్నులు దిగి కదలకుండా పట్టుకుంటాయి. 2సిలో పిన్నులు లేవు, లాగే కొక్కెం ఒక్కటే. పిన్నులతో పనేమిటంటే లెక్క చూడు. ఫ్రేము వెడల్పు 22 మిల్లీమీటర్లు, తెర పదిహేను మీటర్లు అనుకో. దాదాపు ఏడు వందల రెట్లు. గేటులో ఫిల్ము మిల్లీమీటరులో నూరో వంతు పక్కకి జరిగితే తెర మీద బొమ్మ ఏడు మిల్లీమీటర్లు ఊగుతుంది. మామూలు షాట్‌లో మొత్తం బొమ్మ కలిసి ఊగుతుంది కాబట్టి ఎవరికీ పట్టదు. పౌరాణికాల్లో ట్రిక్ షాట్ అంటే ఒకే నెగెటివ్ మీద సగం మూసి ఒకసారి, వెనక్కి తిప్పి రెండో సగం ఇంకోసారి తీయడం. రెండు సగాలూ వేరువేరుగా ఊగితే మధ్యలో అతుకు కనబడిపోతుంది. ఆ రోజుల్లో "మాయాబజార్" కెమెరామేన్ మార్కస్ బార్ట్‌లీ గారి లాంటివాళ్లు కంప్యూటర్ అన్న మాటే లేకుండా అంత మాయ చేశారంటే, వాళ్ల కన్నుతో పాటు గేటులో ఫిల్ము కుదురుగా నిలబడటం కూడా కావాలి.

స్కోప్‌కి కెమెరా మారక్కర్లేదు. బొమ్మని అడ్డంగా సగానికి నొక్కే అనమార్ఫిక్ లెన్సు ముందు పెడతారు, థియేటర్లో ప్రొజెక్టర్‌కి దాన్ని విప్పే లెన్సు ఉంటుంది. గేటులో ఫ్రేము కొలత, వ్యూఫైండర్‌లో గీతల అద్దం మార్చుకోవాలి, అంతే. 2సికి వచ్చే ఇబ్బంది ఏమిటంటే ఆ లెన్సులు బరువు. టరెట్ ముందుకి వాలుతుంది, ఫోకస్ పోతుంది. కింద రాడ్ వేసి సపోర్ట్ ఇవ్వాలి. ఘాట్ రోడ్డులో జీపు మీద కట్టి తీసేటప్పుడు గుంత గుంతకీ ఆ రాడ్ మర చూసుకోవడం అసిస్టెంట్ పని.

అలెక్సా అబ్బాయికి: వ్యూఫైండర్‌లో ఫ్రేము బయట కనబడటం మీ కెమెరాతో రాలేదు నాయనా. 2సి గీతల అద్దంలో కూడా అంచుల చుట్టూ కాస్త కనబడేది. ఆ కంపెనీదే కాబట్టి మర్చిపోకుండా పెట్టి ఉంటారు. 2011 నాటికి ఆరి, పానావిజన్, ఆటన్ మూడూ కొత్త ఫిల్ము కెమెరాలు తయారు చేయడం ఆపేశాయి. ఇప్పుడు తిరుగుతున్నవి దాదాపు అన్నీ పాతవే. ఆయుధపూజకి కెమెరా మీద గంధం, కుంకుమ పెట్టడం మీరు అలెక్సాకి కూడా చేస్తున్నారా? ఫ్యాన్ రంధ్రాల్లోకి పోకుండా చూడండి.

పెరిస్కోపు గారూ, ఇరుక్కున్న రీలుని బయట వెలుతురులో తెరవకండి. ఛేంజింగ్ బ్యాగ్‌లో కెమెరా పెట్టి తీస్తే ఆడిన భాగం చాలావరకు దక్కుతుంది. ఆ రేకులు అప్పుడే ఊడదీసేద్దాం, రెండు మరలు అంతే. నా బ్యాగ్ ఇంకా బాగానే ఉంది, జిప్పు కొత్తది వేయించాను.

పెరిస్కోపు:

మీరే తీస్తానంటే ఇంకేం కావాలి. అందులో ఏముందో నాకు గుర్తు లేదు. మనవరాలి పుట్టినరోజు అయ్యుంటుంది, కాకపోతే యారాడ.

ఎంవీపీ_బోలెక్స్:

ఆదివారం పొద్దున ఆరున్నరకి ఆర్కే బీచ్, కాళీమాత గుడి ఎదురుగా కలుద్దామా? నేను బోలెక్స్ తెస్తాను, ఒక రీలు కూడా ఉంది. పెళ్లిపందిరి గారు ఎం-9000 తేవాలి, పనిచేసినా చేయకపోయినా. టిఫిన్ నాది.

లోడర్_పెదవాల్తేరు:

గుడి ఎదురుగా వద్దు, ఇసుక ఎగురుతుంది. కెమెరా తెరిచే పని కాబట్టి మా మేడ మీదికి రండి. లొకేషన్ మెసేజ్‌లో పెడతాను. టిఫిన్ నీదే.